గుణుపురంలో 400 ఇస్తానన్నా మనిషి దొరకట్లేదు, ఎందుకంటారు?

గుణుపురం టిఫిన్
2025 జులై 12, మధ్యాహ్నం 2:40

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో, గుణుపురం బస్టాండు దగ్గర చిన్న టిఫిన్ హోటలు. పదహారేళ్లుగా నడుపుతున్నాను. ఇప్పుడు ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు గిన్నెలు, ప్లేట్లు కడిగి పిండి రుబ్బాలి. ఇంకొకరు సప్లై చూడాలి. రోజుకి 400, రెండు పూటలా భోజనం, టిఫిన్, టీ. బోర్డు పెట్టి నలభై రోజులైంది, వచ్చినవాళ్లు ముగ్గురు. ఒకడు రెండో రోజే రాలేదు. ఒకడు పది రోజులు చేసి, రెండు వేలు అడ్వాన్సు తీసుకుని ఫోన్ ఆపేశాడు. మూడోవాడు ఆదివారం సెలవు ఇస్తారా అని అడిగాడు. ఆదివారమే కదా బాబూ మనకి గిరాకీ అన్నాను, మళ్లీ కనిపిస్తే ఒట్టు.

నా సందేహం ఏమిటంటే, మా ఎదురుగా టీకొట్టు దగ్గర పొద్దున్నుంచీ సాయంత్రం దాకా పదిమంది కుర్రాళ్లు ఫోన్లు నొక్కుతూ కూర్చుంటారు. టీవీ పెడితే నిరుద్యోగం అని గోల. ఇటు నాకు మనిషి లేడు. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి? నేనూ మా ఆవిడా తెల్లవారుజామున మూడున్నరకి లేచి కొబ్బరి తురుముకుంటున్నాం. జనానికి ఒళ్లు వంచడం ఇష్టం లేదు, అంతే అని నా అభిప్రాయం. కాదంటే చెప్పండి.

తాపీమేస్త్రి పర్లాకిమిడి
జులై 12, 2:58

అన్నా, ఎన్ని గంటల పని?

గుణుపురం టిఫిన్
జులై 12, 3:05

పొద్దున్న 5 నుంచి 11. మళ్లీ సాయంత్రం 4 నుంచి 10. మధ్యలో పడుకోవచ్చు, ఫ్యాను కూడా ఉంది.

తాపీమేస్త్రి పర్లాకిమిడి
జులై 12, 3:20

అంటే 12 గంటలు. 400ని 12తో భాగించు. గంటకి 33. నా దగ్గర తట్ట మోసే కుర్రాడికి 500 ఇస్తున్నాను. తొమ్మిదికి వస్తాడు, ఐదున్నరకి చేతులు కడుక్కుంటాడు, మధ్యలో గంట భోజనం. గంటకి 66 పడింది. నీ తిండి ఖరీదు వంద కట్టుకున్నా నీది 41 దాటదు. మధ్యాహ్నం ఐదు గంటలు ఖాళీ అంటున్నావు. ఆ ఐదు గంటల్లో వాడు ఇంకో పనికి పోలేడు, ఊరికి పోయి రాలేడు. నీకది ఖాళీ. వాడికి అదీ డ్యూటీయే.

ఒళ్లు వంచడం ఇష్టం లేదన్నావు చూడు, ఆ మాటకి నవ్వొచ్చింది. నా సైటులో ఎండలో స్లాబు పోస్తున్నది ఎవరి ఒళ్లు?

బైపాస్ కంత్రాట్రు
జులై 12, 4:10

మేస్త్రి గారి లెక్క బాగానే ఉంది గానీ అసలు కారణం ఎవరూ చెప్పరు. నెలనెలా మనిషికి 5 కిలోల బియ్యం ఫ్రీ. ఇంట్లో నలుగురుంటే 20 కిలోలు. కడుపు నిండాక పనికెవడొస్తాడు? నా రోడ్డు పనికి కూడా జనం లేక బెంగాల్ వైపు నుంచి తెచ్చుకున్నాను. వాళ్లు తక్కువకే చేస్తారు, ఆదివారం అడగరు. మనవాళ్లకి బుద్ధి రావాలి.

నాగావళి ఒడ్డు
జులై 12, 6:45

20 కిలోల బియ్యం ఉంటే కూర, నూనె, పిల్లల ఫీజు, ఫోన్ రీచార్జ్ అన్నీ వాటంతటవే వచ్చేస్తాయా కంత్రాట్రు గారూ? నేను రాయగడ పక్క ఊరి దాన్ని. ఇంట్లో బియ్యం లేని రోజుల్లో మా అమ్మ ఎవరు ఎంతిస్తే అంతకి వెళ్లేది. గిన్నెలో గింజలుంటే రెండు రోజులు ఆగి, రేటు అడిగి వెళ్లేది. ఆ రెండు రోజులు ఆగగలగడమే మీకు కంటగింపు.

టిఫిన్ బాబాయ్ గారికి ఇంకో మాట. ఒడిశాలో నైపుణ్యం లేని పనికి కనీస కూలి 2024లోనే 352 నుంచి 450 చేశారు. మీ 400 దానికంటే తక్కువ. అదీ ఎనిమిది గంటల పనికి.

గుణుపురం టిఫిన్
జులై 12, రాత్రి 10:50

ఇప్పుడే షట్టరు దించాను. అమ్మా, నేనేం దొంగని కాదు. 400తో పాటు మూడు పూటలా తిండి పెడుతున్నాను కదా. 450 పెట్టి, గంటల లెక్క కూడా కట్టమంటే ఇడ్లీ ఎంతకి అమ్మాలి? ఇక్కడ కాలేజీ పిల్లలు ప్లేటుకి రెండు రూపాయలు పెంచితే పక్క బండి దగ్గరికి పోతారు.

బరంపురం లెక్చరర్
జులై 13, ఉదయం 7:30

రిటైరయ్యాక కూడా పాఠం చెప్పే రోగం పోలేదు, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక ఉంటే చదవండి.

కూలి రేటుకి పైన ఒక కప్పు, కింద ఒక నేల ఉంటాయనుకోండి. కప్పు అంటే ఆ మనిషి వచ్చాక యజమానికి పెరిగే రాబడి. రోజుకి 600 పెరుగుతుంటే 700 ఏ యజమానీ ఇవ్వడు. నేల అంటే ఆ మనిషి ఈ పని వద్దనుకుంటే అతనికి మిగిలే దారి. మేస్త్రి దగ్గర తట్ట, సూరత్ రైలు, సొంత పొలం, పరీక్షల చదువు, ఏదైనా కావచ్చు. ఎంత తక్కువ ఇస్తే మనిషి ఇంట్లోనే ఉండిపోతాడో ఆ హద్దుని మా అర్థశాస్త్రంలో రిజర్వేషన్ వేజ్ అంటారు. కోటా రిజర్వేషన్లతో దీనికి ఏ సంబంధమూ లేదు, క్లాసులో ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడిగేవారు. కప్పుకీ నేలకీ మధ్య కూలి ఎక్కడ తెగుతుందన్నది బేరం. నాగావళి అమ్మాయి వాళ్లమ్మ రెండు రోజులు ఆగడం అంటే నేలని ఒక జానెడు పైకి లేపడం. 

టిఫిన్ గారు 'మనుషులు దొరకట్లేదు' అంటున్నారు. ఆ వాక్యంలో ఒక మాట ఎప్పుడూ మింగేస్తాం: 'ఈ రేటుకి'. ఈ రేటుకి, ఈ గంటలకి, ఆదివారం సెలవు లేకుండా మనుషులు దొరకట్లేదు. ఈ వాక్యం ఒప్పుకుంటే నిరుద్యోగమూ, మీ బోర్డూ పక్కపక్కనే ఉండటంలో వింత లేదు.

సూరత్ రిటర్న్
జులై 13, 9:15

మాస్టారు చెప్పిన 'మిగిలే దారి' నేనే. బరంపురం దగ్గర పల్లె మాది. 2011 నుంచి 2020 దాకా సూరత్‌లో పవర్‌లూమ్ మీద చేశాను. మా గంజాం వాళ్లు అక్కడ లక్షల్లో ఉంటారు. వెళ్లాలంటే ఏ ఆఫీసూ అక్కర్లేదు. మా బావ అక్కడున్నాడు, మొదటి నెల వాడి గదిలో పడుకుని వాడి పక్కన నిలబడి పని నేర్చుకున్నాను. వాడికి వాళ్ల ఊరివాడు. ఇలా గొలుసు.

జీతం అంటూ ఉండదు, మీటర్ లెక్క. ఎంత గుడ్డ దిగితే అంత డబ్బు. దారం తెగితే, కరెంటు పోతే మీటర్ ఆగుతుంది, నష్టం మనదే. 12 గంటల షిఫ్టు. మెస్ గదిలో నేను లేచిన చాప మీద రాత్రి షిఫ్టువాడు వచ్చి పడుకునేవాడు. చాప వేడి కూడా తగ్గదు. మగ్గాల చప్పుడుకి నా ఎడమ చెవి ఇప్పుడు సగమే పనిచేస్తుంది.

మరి ఎందుకు వెళ్లావు అంటే, అందరూ రోజు కూలి చూస్తారు, ఎన్ని రోజులన్నది చూడరు. ఇక్కడ నెలలో 14, 15 రోజులు పని దొరికితే గొప్ప. నాట్లప్పుడు, కోతలప్పుడు అందరికీ మనమే కావాలి. మాఘం దాటితే పలకరించే నాథుడు ఉండడు. అక్కడ 26 రోజులు ఖాయం. నెలాఖరికి ఇంటికి డబ్బు పంపగలం. నేను సూరత్ వెళ్లింది రేటు కోసం కాదు, రోజుల కోసం.

తాపీమేస్త్రి పర్లాకిమిడి
జులై 13, 9:40

'మాఘం దాటితే పలకరించే నాథుడు ఉండడు.' కరెక్ట్ తమ్ముడూ. నాకు మాత్రం మాఘం నుంచే సీజను. పెళ్లిళ్లూ ఇళ్లూ.

బరంపురం లెక్చరర్
జులై 13, 11:05

సూరత్ తమ్ముడు చెప్పిన దాన్నే 1970లో హారిస్, టొడారో అనే ఇద్దరు సూత్రంగా రాశారు. పట్నంలో పని దొరుకుతుందన్న గ్యారంటీ లేకపోయినా పల్లె జనం ఎందుకు వెళతారు? దొరికితే వచ్చే కూలిని, దొరికే అవకాశంతో గుణించి చూసుకుంటారు కాబట్టి. అక్కడ 800, సగం రోజులే దొరుకుతుందనుకుంటే మనసులో లెక్క 400. ఇక్కడ 500 అయినా నెలలో సగం రోజులే అయితే లెక్క 250. మనిషి కాగితం మీద వేసుకోడు, బావని అడుగుతాడు. బావ మాటే అతని సర్వే.

మన దేశంలో నిరుద్యోగ రేటు 2023-24 సర్వేలో 3.2 శాతమే అని తేలింది. చదివి ఆశ్చర్యపోకండి. ఆ ఏడాదిలో ఎక్కువ కాలం ఏదో ఒక పని చేసినా, లేదా ఓ నెల రోజులు చిల్లర పని చేసినా ఆ లెక్కలో పనిలో ఉన్నట్టే. బీదవాడికి పూర్తిగా ఖాళీగా కూర్చునే స్తోమత ఉండదు. అతనిది సగం పని, సగం ఖాళీ. ఆ సగం ఈ అంకెలో పడదు. 

టీకొట్టు బ్యాచ్
జులై 13, 12:20

అంకుల్, నమస్తే. మీ ఎదురుగా ఫోన్ నొక్కే పదిమందిలో నేనొకణ్ని. 😀 మీ పెసరట్టు కస్టమర్నే, నిన్న కూడా వచ్చాను.

ఫోన్‌లో చూసేది రీల్స్ ఒక్కటే కాదు, మాక్ టెస్టులు కూడా. బీటెక్ 2022. రైల్వే, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షలు రాస్తున్నాను. మీ దగ్గర చేరితే తెల్లవారి 5 నుంచి రాత్రి 10, చదువుకి టైమ్ ఎక్కడ? పైగా ఒకసారి హోటల్లో గిన్నెలు కడిగాడని తెలిస్తే మా ఇంట్లో గొడవ, సంబంధాలు చూసేవాళ్ల దగ్గర ఇంకా గొడవ. ఇది తప్పో ఒప్పో నాకు తెలీదు, ఉన్నమాట.

మన తెలుగువాళ్ల తలనొప్పి ఇంకోటుంది. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఏడో తరగతి స్థాయి ఒడియా పాసై ఉండాలి. నేను మా మావయ్య గారింట్లో ఉండి తెలుగు మీడియంలో చదివి, ఒడియా తర్వాత విడిగా రాశాను. సరే ఆంధ్రా వైపు పోదామంటే అక్కడ లోకల్, నాన్‌లోకల్. పదో తరగతి దాకా ఇక్కడ చదివితే అక్కడ నాన్‌లోకల్. నదికి ఇటు భాష అడ్డం, అటు చదివిన ఊరు అడ్డం.

బరంపురం లెక్చరర్
జులై 13, 12:50

బాబూ, నువ్వు చెప్పింది చాలా పెద్ద విషయం. లోకల్ నిబంధనకి మూలం రాజ్యాంగంలోని 371-డి అధికరణం, 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. దేశమంతా ఒకే ఉద్యోగ మార్కెట్ అనుకుంటాం గానీ లోపల గోడలు కట్టిన గదులు చాలా ఉంటాయి. భాష గోడ, సర్టిఫికెట్ గోడ, కులం గోడ, బస్సు సౌకర్యం గోడ. ఒక గదిలో జనం కిక్కిరిసి ఉంటారు, పక్క గదిలో మనిషి కోసం బోర్డు వేలాడుతుంటుంది. 

ప్రభుత్వ జీతానికీ బయటి జీతానికీ తేడా ఎక్కువగా ఉన్నచోట చదివినవాళ్లు క్యూలో నిలబడటం కూడా లెక్క ప్రకారం చేసే పనే. చదువు లేనివాళ్లకంటే డిగ్రీ ఉన్నవాళ్లలో నిరుద్యోగం ఎక్కువ కనిపించేది అందుకే. ఇంట్లో పోషించగలిగే తండ్రి ఉన్నంతకాలమే ఆ క్యూ.

టీకొట్టు బ్యాచ్
జులై 13, 12:53

ఆ చివరి వాక్యం మా నాన్నకి చూపించకండి సార్.

పెద్దాయన కాశీనగర్
జులై 13, సాయంత్రం 5:30

మనవడు టైపు చేస్తున్నాడు, నేను చెబుతున్నాను. వయసు 78. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రావిన్సు అయి పర్లాకిమిడి ఇటు వచ్చింది. నేను అప్పటికి పుట్టలేదు గానీ మా నాన్న చెప్పేవాడు, గీత పడ్డాక కూడా వంశధార దాటి కూలీలు రోజూ వచ్చేవాళ్లని. గీత కాగితానికి తెలుసు, కడుపుకి తెలీదు అనేవాడు.

మా ఇంట్లో కంబారి ఉండేవాడు. కంబారి అంటే ఈ కాలం పిల్లలకి తెలీదు, ఏడాది ఒప్పందం మీద ఉండే పాలేరు. ఇన్ని పుట్ల ధాన్యం, ఒక జత బట్టలు, పండక్కి పైడబ్బులు. అవసరానికి అప్పు ఇచ్చేవాళ్లం. అప్పు తీరేదాకా వేరే ఇంటికి పోకూడదు. ఇంకో ఆసామి ఆ బాకీ కట్టేసి తెచ్చుకుంటే తప్ప. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, ఒక మనిషిని అప్పు కాగితంతో పాటు ఇల్లు మార్చేవాళ్లం. కొరాపుట్ కొండల్లో దీన్నే గోతి అనేవాళ్లు. 1976లో వెట్టి రద్దు చట్టం వచ్చింది. మా కంబారి కొడుకు ఇప్పుడు విశాఖలో క్రేన్ నడుపుతాడు. నాకంటే మంచి ఫోను.

ఇంకో మాట. కూలి రూపాయల్లో లెక్కపెట్టకండి, బియ్యంలో లెక్కపెట్టండి. కిలో 45 అనుకుంటే 400కి 9 కిలోలు కూడా రావు. పదేళ్ల కిందటి కూలికి ఎన్ని కిలోలు వచ్చేవో మీ ఇంట్లో ఆడవాళ్లని అడగండి, వాళ్లకి గుర్తుంటుంది. రేటు పెరిగినా కూలి పెరిగిందో లేదో అప్పుడు తెలుస్తుంది.

నాగావళి ఒడ్డు
జులై 13, రాత్రి 8:10

తాతగారూ, ఆ అప్పు కాగితం పోలేదు, పేరు మారింది. మా వైపు నుంచి ఇటుక బట్టీలకి పోయేవాళ్లకి, కూలీల్ని కూర్చే సర్దారు ముందే అడ్వాన్సు ఇస్తాడు. దాదన్ అంటారు. మొగుడూ పెళ్లాం కలిసి తీసుకుంటారు, పండక్కో పెళ్లికో ఖర్చయిపోతుంది. ఇక బట్టీలో వెయ్యి ఇటుకలకి ఎంత అన్న రేటు బేరమాడే నోరు ఉండదు, ముందే తినేశారు కాబట్టి. మధ్యలో జ్వరమొచ్చినా రావడానికి లేదు. మా పెదనాన్న కూతురు ఒక బట్టీ నుంచి పసిపిల్లతో రాత్రికి రాత్రి నడిచొచ్చింది.

చట్టం లేక కాదు. 1979లో వచ్చిన చట్టంలో, ఐదుగురూ అంతకంటే ఎక్కువమంది వలస కూలీల్ని వేరే రాష్ట్రం నుంచి తెచ్చుకుంటే రిజిస్టర్ చేయాలని రాశారు. ప్రయాణ ఖర్చులు ఇవ్వాలన్నారు. నెల కూలిలో సగం వలస భత్యం కింద అదనంగా ఇవ్వాలన్నారు. ఆ భత్యం చేతికందిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

తాపీమేస్త్రి పర్లాకిమిడి
జులై 13, 8:30

టిఫిన్ అన్న దగ్గర రెండు వేలు పట్టుకుని పారిపోయినవాడు అదృష్టవంతుడన్నమాట. అదే బట్టీ అయితే దొరికేవాడు.

గుణుపురం టిఫిన్
జులై 13, 10:55

నా రెండు వేలు నీకు జోకయ్యాయి మేస్త్రీ.

సిరొంచ బాపు
జులై 14, ఉదయం 6:20

నమస్తే అందరికి. మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా, సిరొంచ. ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ. మీ ముచ్చట చదువుతుంటే మా ఊరే యాదికొస్తున్నది. మా దగ్గర ఎండాకాలం తునికాకు, చలికాలం గోదావరి దాటి మిరపకాయ ఏరుడు. పాత రోజుల్ల పడవ దాటాలె, వానాకాలం వస్తే ఆగుడే. ఊర్ల ఇద్దరు ముగ్గురు పెద్ద రైతులు, వాళ్లు ఎంతంటే అంత. కాళేశ్వరం దగ్గర వంతెన అయినంక పొద్దున ఆటోలు వస్తున్నయి, తెలంగాణ రైతులు మిరపకాయకి కిలో లెక్క చెప్పి ఎక్కించుకపోతున్నరు. మా ఊరి పెద్ద రైతులు ఏం మారలె, మాకు పని మారలె, చేతులు అవే. వంతెన వచ్చి రేటు లేసింది. ఇదెట్ల మాస్టారూ?

బరంపురం లెక్చరర్
జులై 14, 8:00

బాపు గారూ, మీరు ప్రశ్నలోనే జవాబు పెట్టారు. అమ్మేవాడు ఒక్కడే అయితే గుత్తాధిపత్యం అంటాం. కొనేవాడు ఒక్కడే అయినా అంతే ప్రమాదం. దానికి మోనోప్సనీ అనే పేరుని 1933లో జోన్ రాబిన్సన్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త వాడుకలోకి తెచ్చారు. కూలి విషయంలో మీ ఊరి ఇద్దరు ముగ్గురు రైతులు శ్రమని కొనేవాళ్లు. కొనేవాళ్లు తక్కువైతే, మీ పని విలువ ఎంతున్నా రేటు నేల వైపే పడుతుంది. వంతెన వల్ల కొనేవాళ్లు పెరిగారు. మీ చేతుల పని పెరగలేదు, మీకు మిగిలే దారి పెరిగింది.

ఉపాధి హామీ చేసే పని కూడా ఇలాంటిదే. ఆ పనికి వెళ్లని కూలీకి కూడా అది బేరంలో పనికొస్తుంది. పని తక్కువ ఉండే నెలల్లో ప్రైవేటు కూలి కూడా 5 శాతం దాకా పెరిగిందని 2015లో అచ్చయిన ఒక పరిశోధన చెప్పింది. 2025-26కి ఆ రోజు కూలి ఒడిశాలో 273, ఆంధ్రాలో, తెలంగాణలో 307, మహారాష్ట్రలో 312.

పెద్దాయన కాశీనగర్
జులై 14, 8:40

అంటే మా గట్టు మీద నిలబడితే 273, నది దాటి బత్తిలి, భామిని వైపు పోతే 307. అదే మట్టి, అదే పార. జాబ్ కార్డు మాత్రం నది దాటదు.

బైపాస్ కంత్రాట్రు
జులై 14, 1:15

ఇవన్నీ సరే. బయటి నుంచి వచ్చేవాళ్ల సంగతి ఎవరూ మాట్లాడరే? నా దగ్గర పనిచేసే బెంగాల్ కుర్రాళ్ల వల్ల ఇక్కడి వాళ్లకి రేటు పడిపోతోందని మొన్న నా సైటుకి వచ్చి గొడవ చేశారు.

సూరత్ రిటర్న్
జులై 14, 2:00

సూరత్‌లో మమ్మల్ని కూడా అదే అనేవాళ్లు సార్. ఒడియావాళ్లు వచ్చి రేటు పడగొట్టారని. నేను తెలుగువాణ్ని అని చెప్పినా వాళ్లకి తేడా ఏముంది. 2020లో లాక్‌డౌన్ అయ్యాక మే నెలలో శ్రామిక్ రైళ్లలో అందరం వచ్చేశాం. తర్వాత కొన్ని నెలలకి మా సేఠే ఫోన్ చేసి, టికెట్ నేను పెడతా రండి అన్నాడు. అప్పుడు మాత్రం రేటు పడగొట్టేవాళ్లం కాదు.

బరంపురం లెక్చరర్
జులై 14, 5:10

దీనికి ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 1980లో క్యూబా నుంచి దాదాపు 1,25,000 మంది కొద్ది నెలల్లో అమెరికాలో మయామీ ప్రాంతానికి వచ్చి పడ్డారు. ఊరి కార్మికుల సంఖ్య ఒక్కసారిగా 7 శాతం పెరిగింది. డేవిడ్ కార్డ్ అనే ఆర్థికవేత్త లెక్కలు తీస్తే స్థానికుల కూలి పెద్దగా పడలేదు. ఎందుకంటే వచ్చినవాళ్లూ తింటారు, అద్దెకుంటారు, బట్టలు కొంటారు, పని పుట్టిస్తారు. దీని మీద బోర్హాస్ అనే ఆయన గట్టిగా వాదించాడు, చదువు తక్కువున్నవాళ్లకి దెబ్బ తగిలిందని. ఆ గొడవ ఇంకా తెగలేదు. కాబట్టి కంత్రాట్రు గారి సైటుకి వచ్చినవాళ్లది పూర్తిగా తప్పని నేను అనను. 'ఆదివారం అడగరు' అని మీరు మెచ్చుకున్నారే, అక్కడుంది కిటుకు. వాళ్లకి ఇక్కడ ఇల్లు లేదు, ఆదివారం ఎక్కడికి పోతారు?

నాగావళి ఒడ్డు
జులై 14, 9:00

ఇంతమంది ఇన్ని రాశారు, ఒక్కరూ ఆడకూలి గురించి ఎత్తలేదు. మా ఊళ్లో నాట్లకి ఆడవాళ్లకి 300, గట్లు చెక్కే మగవాళ్లకి 450. రోజంతా నడుం వంచి బురదలో నాట్లేసేది ఎవరు? పత్తి ఏరుడు అయితే కిలో లెక్క కాబట్టి తేడా లేదు, ఆడవాళ్లే ఎక్కువ ఏరుతారు. రోజు లెక్క అనగానే తేడా వచ్చేస్తుంది.

బరంపురం లెక్చరర్
జులై 15, 7:20

అమ్మా, ఒక కారణం మిగిలే దారే. మగవాడు సూరత్ పోగలడు, పర్లాకిమిడి సైటుకి పోగలడు. ఆడమనిషి పిల్లలు బడి నుంచి వచ్చేలోపు ఇంట్లో ఉండాలి, చీకటి పడితే బస్సు లేదు. ఆమె నడిచి పోగల దూరంలో ఎవరున్నారో వాళ్లే ఆమెకి మార్కెట్. ఆడవాళ్ల పని చరిత్రని లెక్క కట్టినందుకు 2023లో క్లాడియా గోల్డిన్‌కి నోబెల్ ఇచ్చారు. పిల్లలు పుట్టాక జీతాల తేడా ఎలా పెరుగుతుందో ఆమె చూపించారు.

నాగావళి ఒడ్డు
జులై 15, 7:45

సార్, మర్యాదగానే అడుగుతున్నా. మా ఊళ్లో పెళ్లి కాని అమ్మాయికీ 300, పిల్లలు పెద్దవాళ్లయిపోయిన మా అత్తకీ 300. పిల్లల కారణమైతే వాళ్లకెందుకు తక్కువ? 'ఆడకూలి', 'మగకూలి' అని రెండు మాటలే పుట్టాయి, రేటు కూడా ఆ మాటలతో పాటే వస్తోంది. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది.

బరంపురం లెక్చరర్
జులై 15, 8:30

ఒప్పుకుంటున్నాను. నా సూత్రం సగమే చెప్తుంది. మిగతా సగం ఊరి కట్టుబాటు. కట్టుబాటుని ఒక్క రైతు దాటితే మిగతావాళ్లు వాడి మీద పడతారు, రేటు చెడగొట్టావని. మా శాస్త్రంలో ఇంత సూటిగా రాయరు.

గుణుపురం టిఫిన్
జులై 15, 2:45

అన్నీ చదివాను. మేస్త్రి అన్న 'నీకు ఖాళీ, వాడికి డ్యూటీయే' అన్న మాట రెండు రోజులు బుర్రలో తిరిగింది. మాస్టారూ, ఒక లెక్క వేశాను, తప్పైతే చెప్పండి. ఉన్న ఇద్దరు, కావలసిన ఇద్దరు, మొత్తం నలుగురికీ వంద పెంచితే రోజుకి 400. నేను రోజుకి 300 ప్లేట్లు అమ్ముతాను. ప్లేటుకి రూపాయి ముప్పై మూడు పైసలు. ఇదేం పెద్దది కాదు, నేను ఐదు రూపాయలు పడుతుందేమో అని భయపడ్డాను. కానీ నేనొక్కణ్నే పెంచితే పక్క బండివాడు నవ్వుతాడు. వాడూ పెంచితే నాకేం బాధ లేదు.

బరంపురం లెక్చరర్
జులై 15, 4:20

కనీస కూలి అందరికీ ఒకేసారి పెట్టేది ఇందుకే. 1992లో అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం గంటకి 4.25 డాలర్ల నుంచి 5.05కి పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. మన ఒడిశా, ఆంధ్రా లాగా గీతకి అటూ ఇటూ. కార్డ్, క్రూగర్ అనే ఇద్దరు రెండు వైపులా బర్గర్ హోటళ్లకి ఫోన్లు చేసి ఎంతమంది పనిచేస్తున్నారో అడిగారు. పెంచినచోట మనుషులు తగ్గుతారని అందరూ అనుకున్నారు, తగ్గలేదు. కార్డ్‌కి 2021లో నోబెల్ వచ్చింది.

గుణుపురం టిఫిన్
జులై 15, 4:31

అమెరికా బర్గరూ, గుణుపురం ఇడ్లీ ఒకటేనా సార్?

బరంపురం లెక్చరర్
జులై 15, 4:40

కాదు. ఒకేసారి రెట్టింపు చేస్తే చాలా హోటళ్లు మూతపడతాయి, అది నేనూ కాదనను. ఎంత పెంచారన్నది ముఖ్యం. మీ విషయంలో రూపాయి ముప్పై మూడు పైసల సంగతి మాట్లాడుతున్నాం.

నాగావళి ఒడ్డు
జులై 15, 6:00

బాబాయ్, 12 గంటల మనిషి కోసం ఎందుకు చూస్తున్నారు? పొద్దున్న ఆరు గంటలకి ఒకరు, సాయంత్రం ఆరు గంటలకి ఒకరు పెట్టుకోండి. పొద్దున్న పూటకి ఆడవాళ్లు వస్తారు, పదకొండుకి ఇంటికి పోయి వంట చేసుకుంటారు. సాయంత్రం పూటకి టీకొట్టు తమ్ముడు లాంటివాళ్లు వస్తారు.

టీకొట్టు బ్యాచ్
జులై 15, 6:04

అక్కా నన్నెందుకు లాగుతావు. 😅 (క్యాష్ కౌంటర్ అయితే ఆలోచిస్తా.)

గుణుపురం టిఫిన్
జులై 23, మధ్యాహ్నం 2:35

వారం తర్వాత రాస్తున్నాను. బోర్డు మార్చాను. ఒక పూటకి 250, టిఫిన్, భోజనం. వారానికి ఒక రోజు సెలవు, ఆదివారం తప్ప. మూడు రోజుల్లో ఐదుగురు అడిగారు. పొద్దున్న పూటకి ఒకామె చేరింది. ఐదుకి ఆటో లేదు, ఆరున్నరకి వస్తానంది. ఆ గంటన్నర నేనూ మా ఆవిడే. సాయంత్రం పూటకి ఇంటర్ చదివే కుర్రాడు కుదిరాడు, నాలుగు రోజులు వచ్చాడు, నిన్న రాలేదు, ఇవాళ వస్తాడో లేదో నాలుగింటికి తెలుస్తుంది. ఖర్చు నాకు ముందుకంటే ఎక్కువే అయింది. పెసరట్టు రెండు రూపాయలు పెంచాను.

నాగావళి ఒడ్డు
జులై 23, 2:50

ఆమెకి 250. సాయంత్రం కుర్రాడికి?

గుణుపురం టిఫిన్
జులై 23, 2:52

అదే 250. నువ్వు అడుగుతావని తెలుసమ్మా.

టీకొట్టు బ్యాచ్
జులై 23, 3:00

పెసరట్టు రెండు రూపాయలు పెరిగింది గమనించాను అంకుల్. పక్క బండి వాడు కూడా పెంచాడు.

గుణుపురం టిఫిన్
జులై 23, 3:10

మేస్త్రీ, ఇక్కడున్నావా? వంటగదిలో గచ్చు పగిలింది, రెండు రోజుల పని. వస్తావా? రోజుకి 800 ఇస్తాను, భోజనం నాదే.

తాపీమేస్త్రి పర్లాకిమిడి
జులై 23, 6:15

1000 అన్నా. ఇక్కడ ఒక పెద్ద బిల్డింగ్ పని జరుగుతోంది, అక్కడ 950 ఇస్తున్నారు. నీకోసం బస్సెక్కి రావాలి.

గుణుపురం టిఫిన్
జులై 23, 6:20

850.

తాపీమేస్త్రి పర్లాకిమిడి
జులై 23, 6:22

మాస్టారూ, కాస్త చెప్పండి అన్నకి.

బరంపురం లెక్చరర్
జులై 23, 6:40

నన్ను లాగకండి. పెసరట్టు కలిపి 950కి తెగుతుందని నా అంచనా.